కారు లాంటి పికప్‌ని మెచ్చుకుంటే తప్పా? (రిడ్జ్‌లైన్ వర్సెస్ ఫుల్‌సైజ్)

ఆనపపాదు (ఫ్రిస్కో, టెక్సాస్), శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాయడం తక్కువ. మొన్న ఒక మాట పడింది, మింగుడు పడక రాస్తున్నాను.

రెండు నెలల క్రితం హోండా రిడ్జ్‌లైన్ అనే పికప్ (వెనక తెరిచిన తొట్టి ఉన్న బండి) కొన్నాను. ఆఫీసు పార్కింగ్‌లో దిగుతుంటే మా టీమ్‌లో ఒకతను బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "కంగ్రాట్స్ అన్నా, మినీవ్యాన్‌కి వెనక టాప్ ఎవరు కోశారు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం కడుపు మండింది.

నా వాడకం చెప్తాను. రోజూ ఆఫీసుకి రానూ పోనూ నలభై మైళ్లు. శని, ఆదివారాలు పెరటి పని: మట్టి, పశువుల ఎరువు, ఆనపపాదుకి పందిరి కర్రలు. ఏడాదికోసారి కాలనీ వినాయకుడు. పిల్లలిద్దరూ, మా అత్తగారూ వెనక సీట్లో. నాలుగు బై ఎనిమిది అడుగుల ప్లైవుడ్ చక్రాల గూళ్ల మధ్య పూర్తిగా కింద పరుచుకుంటుంది, ఎందుకంటే అక్కడ వెడల్పు 50 అంగుళాలు. బెడ్ (వెనక తొట్టి) అడుగున తాళం వేసుకునే డిక్కీ ఉంది, దానికి నీళ్లు పోయే బిరడా కూడా ఉంది. పిల్లాడి బర్త్‌డేకి అందులో ఐసు పోసి కూల్‌డ్రింకులు పెట్టాం. ఏ ఫుల్‌సైజ్ ట్రక్కులో (ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పెద్ద పికప్‌లో) ఉంది ఇది?

అడిగేది ఒక్కటే. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ బండేనా, లేక నలభై వేల డాలర్లు పైన పెట్టాను కాబట్టి నాకు నేను సర్దిచెప్పుకుంటున్నానా? మొహమాటం లేకుండా చెప్పండి.

---

వీ8_వాసు (ప్రాస్పర్, టెక్సాస్), శనివారం ఉదయం 8:05

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. అడుగున విడిగా ఛాసీ (బాడీని మోసే ఇనుప చట్రం) లేనిది ట్రక్కు కాదు. హోండా పైలట్‌కీ మీ బండికీ అడుగున ఉన్న ప్లాట్‌ఫామ్ ఒకటే. ముందు చక్రాల బండి మీద తొట్టి పెట్టారు, అంతే. మంచి కారే, కాదనను. కానీ కారుని కారు అనండి.

2024లో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ అమెరికాలో ఏడు లక్షల పైన అమ్ముడైంది. రిడ్జ్‌లైన్ యాభై వేల లోపు. జనం పిచ్చివాళ్లంటారా?

---

ఆనపపాదు, శనివారం ఉదయం 8:20

జనం కొన్నారని మనమూ కొనాలంటే అందరం ఒకే పెళ్లి సంబంధం చేసుకోవాలి వాసు గారూ :)

ముందు చక్రాల బండి అన్న మాట మాత్రం సరికాదు. 2021 మోడల్ నుంచి ఆల్ వీల్ డ్రైవ్ అన్నిటికీ ఉంది. ఇంజిన్ బలంలో 70 శాతం దాకా వెనక్కి పంపుతుంది, అదంతా వెనక ఒకే చక్రానికి కూడా ఇవ్వగలదు. బురదలో చూశాను.

---

కొలతబద్ద (కేరీ, నార్త్ కరోలినా), శనివారం ఉదయం 9:12

ఈ గొడవ ప్రతి ఆరు నెలలకీ వస్తుంది, ప్రతిసారీ ఛాసీ దగ్గర ఆగిపోతుంది. ఈసారి అంకెల్లోకి వెళ్దాం.

మీ మీ బండ్లలో డ్రైవర్ డోర్ తెరిస్తే, పక్క స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదు అని పౌండ్లలో రాసి ఉంటుంది. అదీ మీ బండి అసలు పేలోడ్. టీవీ యాడ్‌లో చెప్పే అంకె కాదు. యాడ్‌లో చెప్పేది ఒంటరి సీటు, పొడుగు బెడ్, ఏ హంగూ లేని వర్క్ ట్రక్కుది. అలాంటిది మనవాళ్లలో ఎవరు కొన్నారో చేతులెత్తండి.

మనం కొనేది నాలుగు డోర్ల క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, పనోరమిక్ సన్‌రూఫ్, వేడి చల్లని సీట్లు, తనంతట తానే దిగే మెట్లు. ఈ ప్రతి హంగూ బరువే, ఆ బరువంతా పేలోడ్‌లోంచే తరుగుతుంది. అలా తరిగి తరిగి అరవై వేల డాలర్ల హాఫ్ టన్ ట్రక్కు (ఎఫ్-150 తరగతి ఫుల్‌సైజ్) 1,500 పౌండ్ల దగ్గరికి వచ్చేస్తుంది, కొన్ని ఇంకా కిందికి. రిడ్జ్‌లైన్‌ది ఎంత? ట్రిమ్‌ని (హంగుల స్థాయిని) బట్టి సుమారు 1,500.

అంటే బెడ్‌లో బరువు మోయడం అనే ఒక్క విషయంలో ఆనపపాదు గారి "కారు", వాసు గారి "ట్రక్కు" పక్కపక్కన నిలబడతాయి. వాసు గారూ, మీ స్టిక్కర్ ఫొటో పెట్టగలరా?

ఇంకోటి, మట్టి తెచ్చేవాళ్లకి. ఒక క్యూబిక్ యార్డ్ తడి మట్టి రెండు వేల పౌండ్ల పైనే తూగుతుంది. నర్సరీ వాడు లోడర్‌తో ఒక్క బొచ్చె పోసి "ఓకే?" అంటాడు. రిడ్జ్‌లైన్‌కే కాదు, ఈ వేదికలో ఉన్న సగం ఫుల్‌సైజ్ బండ్లకీ అది ఓకే కాదు. వెనక భాగం కుంగి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తూ వెళ్లే ట్రక్కులు మా వీధిలో ప్రతి వసంతంలోనూ కనిపిస్తాయి.

---

వీ8_వాసు, శనివారం ఉదయం 9:30

స్టిక్కర్ తర్వాత చూస్తా. బండి మా ఆవిడ తీసుకెళ్లింది.

---

కొలతబద్ద, శనివారం ఉదయం 9:31

:)

---

ఇద్దరు_పిల్లల_తల్లి (ఎడిసన్, న్యూజెర్సీ), శనివారం ఉదయం 10:48

మగవాళ్లు పౌండ్ల లెక్కలు వేసుకుంటున్నారు కాబట్టి నేను అంగుళాల లెక్క చెప్తాను.

మా కల్‌డిసాక్‌లో (దారి అక్కడితో ఆగిపోయే వీధిలో) పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. ఎదురింటి వాళ్ల పెద్ద ట్రక్కు ముందు నిలబడితే నా భుజం దాకా బానెట్ ఉంది. నేను ఐదడుగుల రెండు అంగుళాలు. నా ఐదేళ్ల కూతురు దాని ముందు ఉంటే డ్రైవర్‌కి కనిపించదు, కెమెరాలో చూస్తే తప్ప. 2023లో ఐఐహెచ్ఎస్ అనే, ఇన్సూరెన్స్ సంస్థల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఒక అధ్యయనం బయటపెట్టింది. బానెట్ 40 అంగుళాల కన్నా ఎత్తున్న బండ్లు పాదచారిని గుద్దితే, 30 అంగుళాలు లేదా తక్కువ ఎత్తుతో, వాలుగా ఉన్న ముక్కు బండ్లతో పోలిస్తే, ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట.

రిడ్జ్‌లైన్ కూడా చిన్నదేం కాదు. అయినా దాని ముందు నా పాప తల కనిపిస్తుంది. నాకు అది చాలు మెచ్చుకోవడానికి. ఛాసీ ఉందా లేదా అని పాప అడగదు.

---

వీ8_వాసు, శనివారం ఉదయం 11:02

అక్కా, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే. నా బండికి ముందు కెమెరా ఉంది, సెన్సార్లు ఉన్నాయి, అయినా డ్రైవ్‌వే లోంచి తీసేటప్పుడు ఒకసారి దిగి చూసుకుంటాను.

---

లాగుడుబండి (కేటీ, టెక్సాస్), శనివారం మధ్యాహ్నం 1:15

లేటుగా వచ్చాను. కొలతబద్ద గారి లెక్క సగమే నిజం. మిగతా సగం నేను చెప్తాను, ఎందుకంటే నాలుగేళ్లుగా ట్రావెల్ ట్రైలర్ (చక్రాల మీద చిన్న ఇల్లు) లాగుతున్నాను. బిగ్ బెండ్ వెళ్లాం, కొలరాడో వెళ్లాం.

బెడ్‌లో మోయడం వేరు, వెనక లాగడం వేరు. రిడ్జ్‌లైన్ లాగగలిగేది 5,000 పౌండ్లు. సరిగ్గా అమర్చిన ఎఫ్-150 అయితే 13,500 దాకా. యాడ్ అంకె అంటారా, సరే, అందులో సగం తీసేయండి. అప్పుడు కూడా రిడ్జ్‌లైన్ కన్నా ఎక్కువే.

"నా ట్రైలర్ 4,500 పౌండ్లే కదా" అని కొందరు రిడ్జ్‌లైన్‌కి తగిలిస్తారు. తగిలించే ముందు ఒక లెక్క వేయండి. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద నిలువుగా పడాలి, లేకపోతే ట్రైలర్ పాములా ఊగుతుంది. 4,500కి ఆ బరువు 450 నుంచి 675 పౌండ్లు. అది కూడా పేలోడ్‌లో భాగమే. అమ్మానాన్నా ఇద్దరు పిల్లలూ అత్తగారూ కలిపి 700 అనుకోండి. కూలర్, కుర్చీలు, బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్, మన సామాను సంగతి తెలిసిందే కదా, ఓ 200. మొత్తం 1,350 నుంచి 1,575. అంటే 1,500 అంచుకి వచ్చేశాం, దాటినా దాటొచ్చు. ఇంకా బయల్దేరనే లేదు.

ఇది నా హాఫ్ టన్‌కీ వర్తిస్తుంది, అబద్ధం చెప్పను. అందుకే నేను సన్‌రూఫ్ ఉన్నది కొనలేదు. గుడ్డ సీట్లు, పెద్ద ట్యాంకు, టో ప్యాకేజీ, అంతే. షోరూమ్‌లో సేల్స్‌మాన్ నన్ను జాలిగా చూశాడు.

అసలు తేడా ఎక్కడ తెలుస్తుందంటే వెస్ట్ టెక్సాస్‌లో ఐ-10 హైవే మీద, పక్క గాలి కొట్టినప్పుడు. మీకన్నా ఎత్తుగా, మీకన్నా పొడుగ్గా ఒక పెట్టె మీ వెనక వేలాడుతోంది. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ దాటినప్పుడు ముందు దాని గాలి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. ఆ క్షణంలో మీకు కావలసింది పొడుగైన వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), బరువైన ముందు బండి, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీద వేలు. స్టీరింగ్ చేతిలో వణకదు. మా ఆవిడ పక్క సీట్లో నిద్రపోతూనే ఉంటుంది. దానికి నేను డబ్బు పెట్టాను. మినీవ్యాన్ జోకు నేను వేయను, కానీ రిడ్జ్‌లైన్‌తో ఆ రోడ్డు మీద ఆ ట్రైలర్ లాగనంటే లాగను.

---

ఆనపపాదు, శనివారం మధ్యాహ్నం 1:40

లాగుడుబండి గారూ, ఇది ఒప్పుకుంటాను. నేను ట్రైలర్ లాగను. జీవితంలో ఒక్కసారి యూ-హాల్ వాళ్ల చిన్న అద్దె పెట్టె లాగాను, అది కూడా పక్క వీధికి.

---

లాగుడుబండి, శనివారం మధ్యాహ్నం 1:44

అయితే మీకు మీ బండి సరిగ్గా సరిపోయింది. నా బాధ మీతో కాదు. ఏమీ లాగకుండా, ఏమీ మోయకుండా, పాల డబ్బా కోసం ఆరడుగుల ఎత్తు బండి ఎక్కేవాళ్లతో. వాళ్ల వల్ల నాకు ఇండియన్ స్టోర్ ముందు పార్కింగ్ దొరకదు.

---

వీ8_వాసు, శనివారం మధ్యాహ్నం 1:50

ఎవరిని అంటున్నారో అర్థమైంది. పార్కింగ్ నాకు ఎప్పుడూ ఇబ్బంది కాలేదు, దూరంగా పెట్టి నడుస్తాను.

మైలేజీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? రిడ్జ్‌లైన్‌కి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) ఇచ్చింది సిటీ, హైవే కలిపి గ్యాలన్‌కి 21 మైళ్లు. నా 2.7 టర్బో వీ6కి దాదాపు అంతే. కారు లాంటి బండి అన్నప్పుడు కారు లాంటి మైలేజీ కూడా రావాలి కదా.

---

ఇద్దరు_పిల్లల_తల్లి, శనివారం మధ్యాహ్నం 2:06

పేరేమో ఎనిమిది సిలిండర్ల వీ8 వాసు, ఇంజిన్ ఆరు సిలిండర్ల వీ6?

---

వీ8_వాసు, శనివారం మధ్యాహ్నం 2:07

పేరు పెట్టుకున్నప్పుడు వేరే బండి అక్కా.

---

కొలతబద్ద, శనివారం మధ్యాహ్నం 2:30

మైలేజీ మాట వాసు గారిది కరెక్ట్. ఆ కిరీటం రిడ్జ్‌లైన్‌ది కాదు, ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్‌ది. 2022 మోడల్‌గా వచ్చినప్పుడు 19,995 డాలర్ల నుంచి మొదలు, కలిపి 37 మైళ్లు. బెడ్ నాలుగున్నర అడుగులే. ప్లైవుడ్ చక్రాల గూళ్ల మధ్య పట్టదు, వాటి పైన పరిచి గేటు సగం తెరిచి మోయాలి. పేలోడ్ మళ్లీ 1,500 దగ్గరే! ధర ఆ తర్వాత బాగా పెరిగింది, ఆ ఇరవై వేల మాట మర్చిపోండి.

రిడ్జ్‌లైన్‌ని నేను మెచ్చుకునేది వేరే కారణానికి. వెనక చక్రాలు రెండూ విడివిడిగా కదిలే సస్పెన్షన్. చాలా ఫుల్‌సైజ్ బండ్లకి వెనక ఒకటే గట్టి ఇరుసు, కింద పట్టీల కమాన్లు. కమాన్లు బరువు కోసం కట్టినవి. బరువు లేనప్పుడు గట్టిగా ఉండి, గుంతలో ఒక చక్రం పడితే బండి మొత్తం పక్కకి గెంతుతుంది. వారంలో ఆరు రోజులు మన బెడ్ ఖాళీయే కదా. రామ్ 1500 వాళ్లు 2009 మోడల్ నుంచీ, టొయోటా టండ్రా వాళ్లు 2022 నుంచీ వెనక కాయిల్ స్ప్రింగులకి మారారు. అంటే ఛాసీ బండ్లు కూడా మెత్తదనం కోసం కారు వైపే నడుస్తున్నాయి. తిట్టుకుంటూనే.

లోపం కూడా చెప్పాలి. రిడ్జ్‌లైన్‌లో స్పేర్ టైరు ఎక్కడుంటుంది? ఆ డిక్కీలోనే. బెడ్ నిండా మట్టి పోసుకుని వస్తుంటే హైవే మీద పంక్చర్ అయ్యిందనుకోండి, ముందు మట్టి దించాలి. ఫుల్‌సైజ్‌లో అది బండి కింద వేలాడుతుంది, రాడ్డు తిప్పి దించుకోవచ్చు. అంత తెలివైన ఇంజినీర్లకి ఇది తట్టలేదంటే నమ్మను, స్థలం కోసం రాజీ పడ్డారు.

---

మెల్బోర్న్_మామ (మెల్బోర్న్), శనివారం సాయంత్రం 5:20

మీరంతా కారు లాంటి పికప్‌ని హోండా వాళ్ల ఆలోచన అనుకుంటున్నారు. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియాలో మా దగ్గరి ఊరు, జీలాంగ్.

ఇక్కడ బాగా చెప్పుకునే కథ. 1930ల మొదట్లో మా విక్టోరియా రాష్ట్రంలో ఒక రైతు భార్య ఫోర్డ్ వాళ్లకి ఉత్తరం రాసిందట. ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందుల్ని సంతకి తోలడానికీ ఒకే బండి కావాలి, రెండు కొనే స్తోమత లేదు అని. లూ బాండ్ట్ అనే కుర్ర డిజైనర్ కూపే (రెండు డోర్ల కారు) ముందు భాగాన్నీ వెనక తొట్టినీ ఒకే శరీరంగా కలిపాడు. 1934లో బయటికొచ్చింది. దాన్నే మేం యూట్ అంటాం. అమెరికాలో ఫోర్డ్ రాంచెరో 1957లో, షెవర్లే ఎల్ కమీనో 1959లో వచ్చాయి.

ఇప్పుడు విషాదం. 2016లో ఫోర్డ్, 2017లో హోల్డెన్ అనే మా కార్ల కంపెనీ ఇక్కడ యూట్ తయారీ ఆపేశాయి. ఆస్ట్రేలియాలో ఇప్పుడు రోడ్డు నిండా టొయోటా హైలక్స్‌లూ ఫోర్డ్ రేంజర్‌లూ. రెండూ ఛాసీ బండ్లే. కారు లాంటి పికప్‌ని కన్న దేశమే దాన్ని వదిలేసింది. ఆనపపాదు బాబూ, నీ బండి మంచిదే. కానీ మంచివి నిలబడతాయని గ్యారంటీ ఏం లేదు.

---

కొలతబద్ద, శనివారం సాయంత్రం 5:45

మామా, అమెరికా వైపు దీనికో కోడి కథ ఉంది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ అమెరికా కోళ్ల మీద సుంకం వేశాయని, 1964లో అమెరికా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో అయిపోయింది, పన్ను మాత్రం ఉండిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి సుబారు వాళ్లు బ్రాట్ అనే చిన్న పికప్ తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్యాసింజర్ బండి అన్నారు! కారా ట్రక్కా అనే గొడవ మన వాసు గారితో మొదలవలేదు. రిడ్జ్‌లైన్ అలబామాలోని లింకన్‌లో తయారవుతుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

---

పుత్తూరు_కుర్రోడు (పుత్తూరు), ఆదివారం ఉదయం 6:10

అన్నలూ, అమెరికా గొడవలో దూరుతున్నందుకు క్షమించండి. మాకు దగ్గర్లోనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు ప్లాంటు ఉంది. అక్కడ తయారయ్యే వీ-క్రాస్ పికప్ చూస్తే మాకు నోరూరుతుంది. కానీ మామిడికాయల సీజన్‌లో మా దగ్గర పరిగెత్తేది బొలెరో పికప్. దాంట్లో 1.7 టన్నుల రకం ఉంది. హార్స్‌పవర్ వంద కూడా లేదు.

1.7 టన్నులంటే 3,700 పౌండ్ల పైన. మీరు పైన 1,500, 1,500 అని కొట్టుకుంటుంటే ఆశ్చర్యంగా ఉంది. అరవై వేల డాలర్ల బండి మా బొలెరో మోసేదాంట్లో సగం కూడా మోయదా?

---

లాగుడుబండి, ఆదివారం ఉదయం 9:00

తమ్ముడూ, మోయదు. బదులుగా సీటు చల్లగా ఉంటుంది.

---

మోడరేటర్, ఆదివారం ఉదయం 9:25

రాత్రి ఒకరు "ఫుల్‌సైజ్ కొనేవాళ్లంతా షో చేసేవాళ్లే" అని, ఇంకొకరు దానికి సమాధానంగా జిల్లాల పేర్లు తీసి రాసినవి తొలగించాను. బండ్ల గురించి మాట్లాడుకుందాం.

---

వీ8_వాసు, ఆదివారం ఉదయం 10:15

స్టిక్కర్ చూశాను. 1,412.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొలతబద్ద గారూ, మీ మీద కోపం లేదు, కానీ నిన్న రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పోయినేడాది టైల్స్ తెచ్చాను ఈ బండిలో, రెండు పాలెట్లు. ఎంత బరువో ఇప్పుడు లెక్క వేయాలంటే భయంగా ఉంది.

అయినా ఒక మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు, ఎఫ్-150 హైబ్రిడ్ ఉన్నవాళ్లు కొందరు బండిలోంచి వైరు లాగి ఇంట్లో హీటరూ ఫ్రిజ్జూ నడిపారు. దానికి 7.2 కిలోవాట్ల జనరేటర్ ఆప్షన్ ఉంది. నాకు నచ్చే ట్రక్కు అది. అవసరం ఎప్పుడో వస్తుంది, అప్పుడు చేతిలో ఉండాలి.

---

ఇద్దరు_పిల్లల_తల్లి, ఆదివారం ఉదయం 10:40

తమ్ముడూ, ఎప్పుడో వచ్చే అవసరం కోసం అయితే జనరేటర్ కొనుక్కో. వెయ్యి డాలర్లకి మంచిదే వస్తుంది, గరాజ్‌లో మూల పడుంటుంది. ట్రైలర్ లాగేవాళ్లకి పెద్ద బండి కావాలి, అది ఒప్పుకుంటాను. మిగతావాళ్లు ఏడాదికి రెండు రోజుల కోసం 363 రోజులు పెద్ద బండి తోలుతున్నారు. రిడ్జ్‌లైన్ దానికి తలకిందులు, 363 రోజులకి కొన్న బండి. మిగతా రెండు రోజులకి ట్రక్కు అద్దెకి తెచ్చుకోవచ్చు.

---

లాగుడుబండి, ఆదివారం ఉదయం 10:52

అక్కా, అద్దె ట్రక్కులతో ట్రైలర్ లాగనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. కాగితాలు చదివాకే తీసుకోండి. మీ మాట మిగతాదంతా సరే.

---

ఆనపపాదు, ఆదివారం సాయంత్రం 6:30

అందరికీ థాంక్స్. ఇవాళ మట్టి తెచ్చాను. కొలతబద్ద గారి మాట విని అర యార్డు చొప్పున రెండు ట్రిప్పులు. మొదటిసారి లోడర్ అబ్బాయి బొచ్చె నిండా ఎత్తుకొస్తుంటే చేతులడ్డం పెట్టి ఆపాను. డిక్కీలోంచి స్పేర్ టైరు తీసి గరాజ్‌లో పెట్టి, దారంతా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను. ఇది తప్పని తెలుసు, తిట్టకండి, దూరం నాలుగు మైళ్లే.

ఆఫీసులో జోకు వేసినతనికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. అతనిది ఏ ట్రిమ్మో మాత్రం సోమవారం చూస్తాను. డోర్ తెరవమని అడుగుతాను.

---

వీ8_వాసు, ఆదివారం సాయంత్రం 6:48

మట్టి ఏమైనా మిగిలిందా? మా ఆవిడ గోంగూర వేద్దామంటోంది. ప్రాస్పర్ నుంచి మీ ఇంటికి ఇరవై నిమిషాలు.

---

ఆనపపాదు, ఆదివారం సాయంత్రం 6:55

నాలుగైదు బకెట్లు ఉంటుంది, తప్పకుండా రండి. ట్రక్కు తెస్తారుగా, ఆ స్టిక్కర్ నేనూ ఒకసారి చూస్తాను.

---

వీ8_వాసు, ఆదివారం సాయంత్రం 6:57

మా ఆవిడ కరోలాలో వస్తా. మీ వీధి ఇరుకు, ట్రక్కు తిప్పడం కష్టం.